కైలాసం భట్టి వెనక గోడ

పటాన్‌చెరు

పెద్దబాపుకు కీర్తిప్రియ నమస్కారాలు.

ఫోన్ చేస్తే "గిరాకీ ఉన్నది బిడ్డా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మొఘల్‌పురాలో మన మిఠాయి దుకాణం భట్టి వేడి సగం పొగగొట్టంలోకీ వెనక గోడలోకీ పోతోంది. అలా పోయే వేడిని పట్టి కరెంటు తీసే యంత్రం గీశాను. సిమెంటు ఫ్యాక్టరీల్లో పెద్దవి ఉన్నాయి, బొగ్గుల భట్టికి సరిపడే చిన్నది ఇదే. దుకాణంలో బల్బులూ ఫ్యాన్లూ దానితోనే నడుస్తాయి. మొదటిది నీ భట్టికే పెడతానని ఆఫీసులో మాట కూడా ఇచ్చేశాను.

నీ బిడ్డ,
కీర్తి

తా.క. ఆఫీసులో ఒప్పుకున్నది నా బొమ్మ చూసి కాదు, బాపు తెచ్చిన నీ బాలూషాయీ తిని.

---

మొఘల్‌పురా

చిరంజీవి కీర్తిప్రియకు పెద్దబాపు దీవెనలు.

నీ తెలివికి సంతోషం. కానీ వెనక గోడ జోలికి మాత్రం రావద్దు. చలికాలం పొద్దున ఆ గోడ మస్తు కాగుతుంది. రైల్వేలో రిటైరైన మన డానియేలు దానికి వీపు ఆనించి పేపరు చదువుతాడు. ఆగమ్మ మోకాళ్లు ఆనిస్తుంది. మీ తాత గల్లీలో సగం పెళ్లిళ్లు అక్కడ నిలబడే కుదిర్చాడు. ఇప్పుడు ఎవరి తలుపులు వాళ్లు వేసుకునే రోజులొచ్చాయి. నలుగురూ కలిసేది ఆ గోడ దగ్గరే. వాళ్ల ముచ్చట్లు వినకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు.

ఇట్లు,
కైలాసం

తా.క. మీ అమ్మానాన్నల పెళ్లి కూడా అక్కడే కుదిరింది. ఆ రోజు గోడ మరీ కాగి, తాత తొందరపడి ఒప్పుకున్నాడని మీ బాపు అంటాడు.

---

పటాన్‌చెరు

పెద్దబాపూ, నమస్తే.

నీ ఉత్తరం చదివి గుండె ఝల్లుమంది. అంత కాగే గోడకు ముసలివాళ్లు ఆనుకోవడమా! ఒళ్లు కాలితే? నువ్వు ఇంతకాలం ఎంత భయపడి ఉంటావో. ఇంక ఫికర్ చేయకు. వేడిని ఆపే తెల్ల ఉన్ని దుప్పటి పార్సిల్‌లో పంపుతున్నాను. అది భట్టికి చుట్టిస్తే గోడ మంచులా ఉంటుంది.

ప్రేమతో,
కీర్తి

తా.క. దాన్ని ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. భరించలేని దురద.

---

మొఘల్‌పురా

బిడ్డా, దీవెనలు.

దుప్పటి చూసి, ముసలివాళ్ల కోసం పంపావని మురిసిపోయాను. ఉత్తరం సగమే చదివి ఆగమ్మకు కప్పాను. ఇంక గల్లీలో ఒకటే లొల్లి. "ఏందిరా కైలాసం, ఏం పగబట్టి కప్పినవ్‌రా గీ దుప్పటి? పెయ్యంతా గీక్కుంట సస్తున్న!" అని తిట్టింది. దాన్ని మడతపెట్టబోయిన డానియేలుదీ అదే గతి. ఇద్దరూ ఇప్పుడు గోడకే వీపు రుద్దుకుంటున్నారు.

కోపం తెచ్చుకోకు. యంత్రం వద్దు. నేనున్నంత వరకు ఆ గోడ చల్లబడకూడదు.

ఇట్లు,
మీ పెద్దబాపు

తా.క. నీ తా.క. ఇప్పుడే చదివాను. జోకు ఉంటుందని ఆఖరుకు దాచుకున్నాను.

---

పటాన్‌చెరు

పెద్దబాపూ,

కోపమొచ్చింది. అందుకే నిన్న పొద్దున్నే చెప్పకుండా వచ్చాను, ముందు పొగగొట్టం కొలిచి తర్వాత నీతో కొట్లాడదామని. డానియేలు తాత పక్కకు జరిగి, "రా బిడ్డా, జర వీపు పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆగమ్మ నా చిన్నప్పటి సంగతులు ఎత్తుకుంది. తాత గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

తర్వాత వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను. భట్టి భగభగ మండుతోంది. దాని మీద కడాయి లేదు, పాలు లేవు, ఏమీ లేదు. నీ కొడుకు శ్రవణ్ అన్న పక్క గదిలో గ్యాసు పొయ్యి మీద జిలేబీ వేస్తున్నాడు.

"పోయినేడే గ్యాసుకు మారినం చెల్లె. బాపు మాత్రం రోజు భట్టి ముట్టిస్తడు, గా గోడ కోసమే. ఎవ్వలకు చెప్పనియ్యడు" అన్నాడు. నువ్వు బొగ్గులు తేవడానికి వెళ్లావట. నువ్వొచ్చేలోపే టేపు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మొఘల్‌పురా భట్టిలో మనం తీసుకోవడానికి వేడి మిగలదని ఆఫీసులో చెప్పేశాను.

నీ బిడ్డ,
కీర్తి

తా.క. యంత్రానికి జల్‌పల్లిలో ఒక బేకరీ దొరికింది. ఈ రోజు పొద్దున్నే వెళ్లి, వాళ్ల గోడ వెనక ఎవరైనా నిలబడి ఉన్నారేమో చూసి వచ్చాకే సంతకం పెట్టాను.