నా వైపు లైటు

సెప్టెంబర్ 1, ఆదివారం

రేడియోకి కెమెరాలట! పదకొండేళ్లుగా అమ్మాన్ నగరంలో జనం నా గొంతు విని నిద్ర లేస్తున్నారు. ఇన్నాళ్లూ ఎవరికీ నా ముఖంతో పని పడలేదు. ఇవాళ్టి నుంచి మా పొద్దుటి షో ఫేస్‌బుక్‌లో లైవ్. తెర సగం నాది, సగం నిదాల్‌ది. నాతో కలిసి షో నడిపే ఈ నిదాల్ వచ్చి ఏడాది కూడా కాలేదు, అప్పుడే తలకి జెల్ మొదలుపెట్టాడు. ఆ వాసన నా కుర్చీదాకా కొట్టింది.

మేనేజర్ ముంజిర్ గారు నల్ల కళ్లద్దాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎందుకండీ అన్నాను. చూపులేనివాళ్లు టీవీలో పెట్టుకుంటారు కదమ్మా అన్నారు. పుట్టు గుడ్డిని, నన్ను ఎండ ఏం చేస్తుంది? తిరిగి ఇచ్చేశాను.

ముఖం మీద పెద్ద లైటు పెట్టారు. మూడు గంటలు చెంపలు కాలిపోయాయి. అయినా, నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది.

సెప్టెంబర్ 3

అమ్మ ఫోన్‌లో చూసిందట. నీలం చొక్కాలో కళకళలాడిపోయానట. ఎంత మురిసిపోయానో ఇక్కడ రాసుకోవచ్చు. అమ్మకి బ్రెయిలీ రాదు.

సెప్టెంబర్ 9

నిదాల్ కామెంట్లు చదివి వినిపిస్తాడు. అన్నీ అతని గురించే.

సెప్టెంబర్ 12, గురువారం

స్టూడియోలో ఏసీ చలికి ఆగలేక నల్ల స్వెటర్ తొడుక్కుని కూర్చున్నాను, షో అయ్యేదాకా విప్పలేదు. ఇంటికొస్తే అమ్మ అంది, ఆకుపచ్చ చొక్కా నా ఒంటికి ఎంత నప్పిందోనని. చొక్కా మెడదాకా స్వెటర్ కిందే ఉంది.

పెద్దావిడ, పొరపడి ఉంటుంది. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆకుపచ్చ అనే అంది.

సెప్టెంబర్ 15, ఆదివారం, ఉదయం 10.20

బ్రెయిలీ చుక్కలు తప్పుగా పడుతున్నాయి.

షో అయ్యాక నిదాల్ ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లాడు. లేచి అతని కుర్చీలో కూర్చున్నాను. ముఖం మీద భగ్గుమని వేడి. నా కుర్చీలోకి వచ్చాను. ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఏసీ వల్ల వేడి తెలియట్లేదనుకున్నాను. చెయ్యి పైకి చాపి నా లైటు వెతికి పట్టుకున్నాను. రేకు చల్లగా ఉంది. మూడు గంటల షో అయి నిమిషం కాలేదు, అది చల్లగా ఉంది.

సౌండ్ చూసే హాతిమ్‌ని పిలిచాను. తొమ్మిదేళ్ల స్నేహం. తలుపు వేసి వచ్చాడు. తర్వాత చెప్పాడు. రెండో రోజే నా కెమెరా, నా లైటు ఆపేయించారట. నాకు చెప్పొద్దని మేనేజర్ ఆర్డరట.

రెండు వారాలు! గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. టీ ఇచ్చేవాడికి కూడా తెలుసు. నేను మాత్రం లేని కెమెరాకి చక్కగా నవ్వుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం

ముంజిర్ గారు ఎంత మర్యాదగా మాట్లాడారంటే, ఆ గొంతు పట్టుకుని పిసకాలనిపించింది. స్పాన్సర్ కాఫీ కంపెనీవాళ్లు అడిగారట. పొద్దున్నే నాలుగు ముద్దలు తినే వేళ జనం మనసు బరువెక్కకూడదట. నా గొంతు బంగారమట. డిసెంబర్‌లో వికలాంగుల దినం వస్తుంది కదా, ఆ రోజు గంటసేపు నన్ను ఒక్కదాన్నే చూపిస్తారట, వెనక పియానో పెట్టి.

అంటే ఏడాదికి ఒక్క రోజు నా ముఖం బాగుంటుంది. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ జనానికి అన్నం సహించదు.

సాయంత్రం 4

అమ్మకీ తెలుసు. మొదటి వారమే మేనేజర్ ఇంటికి ఫోన్ చేసి, అమ్మాయి బాధపడుతుంది, చెప్పకండి అన్నాడట. అమ్మ సరేనంది. పొద్దున నేను ఏం వేసుకుని గడప దాటితే అది తెర మీద బాగుందని చెప్పింది, అంతే. నీ సంతోషం చెడగొట్టడం ఎందుకమ్మా అని ఏడ్చింది.

ఊరంతా మోసం చేస్తే తిట్టుకుంటాం. కన్నతల్లి చేస్తే ఎవరితో చెప్పుకోను? అన్నం ముట్టకుండా తలుపేసుకున్నాను.

సెప్టెంబర్ 16, సోమవారం, ఉదయం 9

పాట అవగానే మైకు దగ్గరికి జరిగి అడిగేశాను. ఫోన్లో మమ్మల్ని చూస్తున్నవాళ్లు ఎవరైనా చెప్పండి, తెర మీద నా వైపు ఏముంది?

నిదాల్ గొంతు సవరించుకున్నాడు. హాతిమ్ మాత్రం మొదటి కాల్ లోపలికి వదిలాడు. అబూ ఉదై అట, అకబా రేవుకి లారీ తోలతాడట, దారి పక్కన బండి ఆపుకుని మాట్లాడుతున్నాడు.

"నీ వైపు కాఫీ కప్పు బొమ్మ ఉంది తల్లీ. ఆవిరి కూడా లేస్తది. నువ్వు మాట్లాడుతుంటే కప్పు మాట్లాడినట్టుంటది, మా పిల్లలు పడీపడీ నవ్వుతారు. నువ్వే సిగ్గుపడి ముఖం చూపించట్లేదేమో అనుకున్నాం."

"సిగ్గుపడాల్సింది నేను కాదన్నా. నా ముఖం చూస్తే మీకు తిండి సహించదని నన్ను తీసేశారు."

అంతవరకే వెళ్లింది. నా మైకు కోసేశారు, పాట వేసేశారు. పది నిమిషాల్లో బ్యాగు నా చేతికిచ్చి, రెస్టు తీసుకోమని గేటు బయట దింపారు.

సెప్టెంబర్ 18

అమ్మతో మాట్లాడలేదు.

సెప్టెంబర్ 21, శనివారం

ముంజిర్ గారే ఫోన్ చేశారు. ఐదు రోజులుగా జనం ఆ కప్పుని ఆడుకుంటున్నారట, పేర్లు పెట్టి పిలుస్తున్నారట. మా సరుకు నవ్వులపాలవుతోంది, ఆ బొమ్మ పీకెయ్యండని కంపెనీవాళ్లు మొత్తుకుంటున్నారట. కాబట్టి రేపు రమ్మన్నారు, లైటూ కెమెరా పెడతారట, ఆ నల్ల అద్దాలు మాత్రం పెట్టుకోవాలట. నా పరువు కోసం కాదు, కప్పు పరువు కోసం! అద్దాలు పెట్టుకోనన్నాను. తప్పదంటే ఇంట్లోనే ఉంటానన్నాను.  నీ ఇష్టం, రా అన్నారు.

గెలిచానని ఎగరాలి. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి ఒకటే భయం. నా ముఖంలో ఇంతమంది ఇంత కష్టపడి దాచింది ఏమిటో నాకు తెలియదు. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సెప్టెంబర్ 22, ఆదివారం, ఉదయం 5.30

అమ్మని లేపి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నా ముఖం ఎలా ఉంటుందో చెప్పు, అబద్ధం చెప్తే ఇక ఈ జన్మలో మాట్లాడనన్నాను. అమ్మ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"కుడి కన్ను చిన్నది, లోపలికి ఉంటుంది. ఎడమది తెల్లగా ఉంటుంది. ఊరికే అటూ ఇటూ కదులుతుంది."

"ఇంకా?"

"ఇంకేం లేదమ్మా."

"అంతేనా?"

"అంతే."

టాక్సీ వచ్చింది. వెళ్తున్నాను.