అడుగున కోసేసిన మాటలు

అక్టోబర్ 5, ఆదివారం

అందరూ ఉస్తాద్ అని పిలిచే ముసలాయన పుస్తకం ఇవాళ బైండింగ్‌కు నా చేతికొచ్చింది. నూట పద్దెనిమిది ఆకులు, అన్నీ చేతిరాత. వాళ్ల ప్రవక్త జీవితం — ముసలాయన ముత్తాత సింధీలో రాసిందట. సింధ్‌లోని ఠట్టా నుంచి పడవలో ఈ గల్ఫ్ రేవు మత్రాకు ఆ ముత్తాత వచ్చినప్పుడు పెట్టెలో బట్టలకంటే ముందు ఇదే సర్దుకున్నాడట.

కుర్చీ లాక్కుని కూర్చుని గంటసేపు చెప్పాడు. ఆయన ఉర్దూ, నా కరీంనగర్ హిందీ... ఎలాగో సరిపోయింది. సింధ్ పండితులు మదీనా దాకా వెళ్లి చదువుకున్నారట, అక్కడే పాఠాలూ చెప్పారట. అరబ్బీ రాని పడవవాళ్ల కోసం, ఇళ్లలో ఆడవాళ్ల కోసం ప్రవక్త కథను ఇంటి భాషలోకి తెచ్చారట. ఈ ముత్తాత ఏడాది వెంట ఏడాది పేర్చి రాశాడు. ఏ సంగతి ముందో, ఏది వెనకో తేలకపోతే ఊహించడు. "అల్లాహ్‌కే తెలుసు" అని రాసి కాస్త జాగా వదిలేస్తాడు.

వెళ్తూ "అమానత్ హై, బేటా" అన్నాడు. నమ్మి అప్పగించింది, జాగ్రత్త అని.

ఓనర్ హంజా భాయ్ కేరళ వెళ్లి వారం. దుకాణం నా మీదే ఉంది.

అక్టోబర్ 6, సోమవారం

చేసింది రాయాలంటే భయం. రాయకపోతే ఇంకా భయం.

ఆకుల అడుగు అంచు వంకరగా ఉంది. కట్టలు కట్టలుగా కటింగ్ మిషన్‌లో పెట్టి అర అంగుళం కోసేశాను. కరీంనగర్ ప్రెస్సులో పదేళ్లు చేసిన పని — ఏ పుస్తకం వచ్చినా ముందు అంచులు సాపు చెయ్యడమే. అడుగున ఓ మూల ఒక్కో చిన్న మాట కనిపించింది. కలం పడుతుందో లేదో గీసి చూసుకున్నారేమో అనుకున్నాను. కత్తి దిగింది.

తర్వాత పురుగు తిన్న చోట్ల సన్న కాగితం అంటించి, ఆకులన్నీ బల్ల మీద ఆరబెట్టి, టీకి కిందికి వెళ్లాను. తలుపు సరిగా వెయ్యలేదు. తిరిగొచ్చేసరికి సముద్రపు గాలి... సగం ఆకులు నేల మీద.

నేల మీద. వాళ్ల ప్రవక్త పుస్తకం.

నంబర్లు చూసి సర్దుదామని ఏరాను. ఒక్క ఆకు మీద కూడా నంబరు లేదు.

అక్టోబర్ 7, మంగళవారం

పని మొదలుపెట్టే ముందు ఫొటోలు తియ్యాలని హంజా భాయ్ రూలు. మొదటి నాలుగు ఆకులకు తీశాను. ఇవాళ ఫోన్‌లో పెద్దవి చేసి చూశాను.

ఒక ఆకు అడుగున మూలనున్న మాట... తర్వాతి ఆకు పైన మొదటి మాట. రెండూ ఒకటే. నాలుగు ఆకుల మధ్యా అంతే.

నంబర్ల బదులు అవి. తర్వాత ఏ ఆకు రావాలో చెప్పే మాటలు. నూట పద్దెనిమిదింటికీ నేనే కోసి పారేశాను.

బాత్‌రూమ్‌లోకి వెళ్లి కూర్చున్నాను.

రూమ్‌లో రాజన్నకు చెప్పాను. జగిత్యాల మనిషి, సైట్ మీద మేస్త్రీ, దేనికీ జంకడు. ఆయన ముఖం కూడా మారింది. "ఎవ్వలకు జెప్పకు. ఎట్లున్నయో గట్లనే కుట్టియ్. ముసలాయనకు కండ్లే సక్కగ కనవడయాయె" అన్నాడు. మళ్లీ తనే — "మన హిందూ పేరు జూసి కావాల్నని కోసిండంటే ఏం జెప్తవ్?"



అక్టోబర్ 8, బుధవారం

సంచీ! ఈ అరబ్బీ లిపి ఉన్న కాగితం చెత్తబుట్టలో వెయ్యకూడదు. మేకుకు తగిలించిన తెల్ల సంచీలో వెయ్యాలి. గురువారం మసీదు మనిషి వచ్చి తీసుకెళ్లి శుభ్రమైన చోట పూడుస్తాడు. నా చెయ్యి అలవాటుగా కోసిన ముక్కల్ని అందులోనే వేసింది. అన్నీ బయటికి తీశాను. ఏడ్చాను కాసేపు.

అక్టోబర్ 9, గురువారం

మసీదు మనిషి వచ్చాడు. సంచీ ఎత్తి చూసి "ఈ వారం తక్కువే" అన్నాడు. నవ్వాను.

అక్టోబర్ 12, ఆదివారం

ఒంటి గంట నుంచి నాలుగు దాకా షట్టర్ దించి అదే పని. చదవడం రాదు, చూడటం వచ్చు. ఏ ముక్క ఏ ఆకుదో పురుగు చెప్తోంది — అది చేసిన రంధ్రం ఆకులో సగం, ముక్కలో సగం. ముక్క అతికించాక దాని మీద మాట పట్టుకుని, అదే మాట ఏ ఆకు పైన ఉందో వెతకడం. కొడవలిలా వంగినది, మీద మూడు చుక్కలు... దొరికింది. పక్కకు.

అరవై రెండయ్యాయి.

ఊరి నుంచి మా ఆవిడ అరుణ ఫోన్. "గొంతు గట్లున్నదేంది, జరమొచ్చిందా?" ఏం లేదన్నాను.

అక్టోబర్ 14, మంగళవారం

నాలుగు ముక్కలు లేవు. సంచీ బోర్లించాను, మిషన్ కింద పాకాను. సోమవారం ఊడ్చినప్పుడు చెత్తలో పోయి ఉంటాయి. అంటే మున్సిపాలిటీ డబ్బాలో... ఇది ఎవరికీ చెప్పలేను.

పుస్తకం మధ్యలో ఒక్కచోట తెంపు. చేతిలో మూడు ఆకులు. పోయిన నాలుగు ముక్కలూ తెంపుకు ముందు ఆకుదీ, ఈ మూడింటివీ. మూడూ ఆ తెంపులోవే, కానీ ఏది ముందో తెలియదు. పురుగు కూడా వాటిని ముట్టుకోలేదు.

రాజన్న — "మూడే గదా! ఎట్లనో అట్ల వెట్టు. ఎవలు జూస్తరు?"

అక్టోబర్ 15, బుధవారం

పొద్దున ఆ మూడింటినీ ఒక వరసలో పెట్టి సూదిలో దారం ఎక్కించాను. గుచ్చలేకపోయాను. ఏడాది వెంట ఏడాది అన్నాడు ముసలాయన. ఆ ముత్తాత తెలియని చోట జాగా వదిలాడు. నేను ఊహించి కుట్టేస్తే ఇక అదే నిజమైపోతుంది.

ఆ చోట జాగా వదిలి మిగతాది కుట్టాను. మూడు ఆకుల్ని తెల్లగుడ్డలో చుట్టాను.

అక్టోబర్ 16, గురువారం

ఉస్తాద్ వచ్చాడు. చెప్పేశాను. కత్తి, గాలి, నేల, అతికించిన ముక్కలు. చెత్త సంగతి కూడా నోట్లోంచి వచ్చేసింది, ఆపుకోలేకపోయాను. నా హిందీ అంతా తడబడింది.

ఆయన గుడ్డ విప్పి మూడు ఆకుల్నీ కళ్లకద్దుకున్నాడు. అతికించిన అంచు వెంట వేలితో తడుముకుంటూ వెళ్లాడు, ఒక్కో ఆకూ, ఒక్కో ఆకూ. తెంపు దగ్గర వేలు ఆగింది. నేను తెచ్చిన చాయ్ చల్లారిపోయింది.

లేచి "కల్ జుమ్మే కే బాద్ ఘర్ ఆనా. కితాబ్ లేకర్" అన్నాడు. రేపు శుక్రవారం నమాజు తర్వాత వాళ్లింటికి, పుస్తకం పట్టుకుని. కోపమో కాదో ఆ గొంతులో తెలియలేదు.

మెట్లు దిగుతూ — "ఘర్ మే సబ్ హోంగే."

అందరూ ఉంటారట. అందరూ అంటే ఎవరు?

అక్టోబర్ 17, శుక్రవారం

"పోకుర బై. గా బుక్కు మసీదుల ఇచ్చి దూరం, ఇబ్రి ఊర్ల మా తమ్ముని రూమ్‌కు పో" అన్నాడు రాజన్న. పొద్దుటి నుంచి ఇదే మాట.

స్నానం చేశాను. ఉతికిన చొక్కా. పుస్తకం రెండు గుడ్డల్లో చుట్టాను, మూడు ఆకులు పైన.

అరుణ నంబరు కాగితం మీద రాసి రాజన్నకిచ్చాను. సాయంత్రానికి రాకపోతే అని మొదలుపెట్టాను... మిగతాది ఆయనే చెయ్యెత్తి ఆపాడు.

నమాజు అయిపోయింది. సందులో చెప్పుల చప్పుడు. నా అరచేతులకు చెమట, గుడ్డకు అంటకుండా మాటిమాటికీ తుడుచుకుంటున్నాను.

వెళ్తున్నాను.