నవంబరులో నారింజ పూలు

నాబుల్,
ఏప్రిల్, శుక్రవారం

ఓడమీద ఉన్న మోంజీకి, దలెండా సలాములు.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మగారి మోకాళ్లూ, గోడమీది పిల్లీ, నేనూ బాగానే ఉన్నాం. అక్కడ మీరూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ఈ ఏడు నారింజ పూలు విరగబూశాయి. పూల ఆవిరి పట్టి పూలనీళ్లు దించే రాగిపాత్ర పెరట్లో పొయ్యి దిగడం లేదు. అత్తయ్య మందులు వేసుకుంటోందా అని అడిగారు. వేసుకుంటోంది, ప్రతి బిళ్లకీ నన్నొక మాట అంటూ. పైకప్పు కారుతోందా అని కూడా అడిగారు. వానలు పోయాయి కాబట్టి కారడం లేదు.

ఇక మూడో ప్రశ్న. "నామీద కోపమా? నీ ఉత్తరమంటే మూడు పేజీల తిట్లు. ఇప్పుడేమో మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకున్నట్టు రాస్తున్నావు" అన్నారు. చదివి నవ్వాను. తర్వాత కూర్చుని ఏడ్చాను. నాకు కోపమేమీ లేదు. కానీ ఇక దాచడం నావల్ల కాదు.

నవంబరులో నాకు జ్వరం వచ్చి తగ్గిందని అత్తయ్య రాయించింది. జ్వరం నిజమే. అసలు సంగతి వేరే ఉంది. నాకేదీ గుర్తులేదు, అత్తయ్య చెప్పగా విన్నదే రాస్తున్నాను.

ఒక ఉదయం ఇల్లంతా నారింజ పూల వాసన గుప్పుమంటోందన్నానట. "నవంబరులో పూలెక్కడివే, పిచ్చిదానా!" అంది అత్తయ్య. "మీకు జలుబేమో" అన్నానట నేను. అంతలో ఆవిడకి మన వీధి చివరి సమాధిలో పడుకున్న పుణ్యపురుషుడు, వలీ గుర్తొచ్చాడు. ఆయన వచ్చిన ఇంట్లో పూలు లేకుండానే పూల వాసన వస్తుందని నానుడి కదా! ఇంకేముంది, సాయంత్రానికి వీధి వీధంతా మన వాకిట్లోనే. పక్కింటి మన్నూబియా మొగుణ్ణి చెయ్యిపట్టి లాక్కొచ్చింది. "నీ చెయ్యి ఈయన నెత్తిన పెట్టవే తల్లీ, కాస్త బుద్ధొస్తుంది."

"ఈయనకి ఒక చెయ్యి చాలదు" అంటూ రెండు చేతులూ పెట్టానట. అందరూ పడీపడీ నవ్వారట.

తెల్లారేసరికి కాఫీ గిన్నెను గొర్రెపిల్ల అంటున్నానట. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. అంతలోనే ఫిట్స్. నేను ఆశీర్వదించిన ఆ మొగుడే నన్ను తన ట్రక్కులో వేసుకుని ట్యూనిస్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. నా చెయ్యి పనిచేసిందనే అంటుంది మన్నూబియా.

మెదడుకు వైరస్ పట్టిందని చెప్పింది డాక్టర్ సలూవా. అత్తయ్య ఊరుకుంటుందా? "మా కోడలు రాయిలాంటి మనిషి. తుమ్మి ఎరగదు. దానికేం రోగం!"

"రాయిలాంటి వాళ్లకీ వస్తుందమ్మా. పెదవిమీద జ్వరపు పొక్కులు లేస్తాయి చూడండి, ఆ వైరసే. మీ ఒంట్లోనూ ఉండి ఉంటుంది, నా ఒంట్లోనూ. ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఎవరో ఒకరికి మెదడులోకి ఎక్కుతుంది. ఆ పూల వాసన కూడా అదే పుట్టించింది."

"ఇంతమందిని వదిలి దీనికే ఎందుకు ఎక్కింది?"

"తెలీదమ్మా. నిజంగా తెలీదు" అందట. అంత చదువుకున్నావిడ ఆ మాట అన్నందుకే నమ్మకం కుదిరిందంటుంది అత్తయ్య. వారాల తరబడి మందు నరంలోకి ఎక్కించి నన్ను బతికించారు.

కంటికి కనిపించని వస్తువొకటి నా తలలో లేని పూలు పూయించిందంటే నాకిప్పటికీ వింతే. పోయినవి తలుచుకుంటే ఇంకా ఆశ్చర్యం. మా అమ్మ గుర్తుంది, బడి గుర్తుంది, చిన్నప్పుడు చెల్లిని కొరికిన సంగతి గుర్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక గోడమీది పెళ్లి ఫోటో చూసి, "నా పక్కన నిలబడ్డ ఈయనెవరు?" అని అత్తయ్యని అడిగాను.

మోంజీ, మిమ్మల్ని నేనెరగను. మన పెళ్లి, ఈ ఇంట్లో మనం బతికిన ఏళ్లు, ఏవీ నాలో లేవు. ఇన్నాళ్లూ అత్తయ్య చెబుతూంటే నేను రాశాను. ముక్కూ మొహం తెలియని మనిషిని ఏమని తిట్టను? "ఇవన్నీ రాయకే. మా వాడసలే పిరికివాడు, సముద్రంలోంచి అటే పారిపోతాడు" అంది ఆవిడ. ఆ భయం నాకూ ఉంది. అయినా రాస్తున్నాను.

మొన్న కొత్త పూలనీళ్లు దిగాయని ఇద్దరికీ కాఫీ పోశాను. నా చెయ్యి తనంతట తనే మూడో కప్పు తీసింది. చక్కెర లేకుండా కాఫీ పోసి, మూడు చుక్కలు పూలనీళ్లు వేసి, పైన సాసర్ మూతపెట్టి కిటికీలో పెట్టింది. అత్తయ్య లేచి నిలబడిపోయింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఏంటి?"

"వాడు చల్లారితేగానీ తాగడని రోజూ అక్కడే పెట్టేదానివి. నేను చెప్పలేదే! నాకే గుర్తులేదే!" అని నన్ను పట్టుకుని బావురుమంది. ఎవరిదో చెయ్యి చూసినట్టు నా చెయ్యి చూసుకుంటూ ఉండిపోయాను.

నా దగ్గర మిగిలింది ఆ ఒక్క కప్పే. దానితో కాపురం సాగుతుందో లేదో మీరే ఆలోచించుకోండి. వచ్చేట్టయితే మాత్రం మీ తాళంచెవితో తలుపు తీసుకుని రాకండి, పరాయి మగాడనుకుని వీధి దద్దరిల్లేలా అరుస్తాను. మన ఊరి మగాళ్లు ముస్తాబైనప్పుడు పెట్టుకున్నట్టు చెవిమీద మల్లెల గుత్తి పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు తలుపు తట్టి పేరు చెప్పండి. కాసేపు చూసి, నచ్చితే కూర్చోమంటాను.

కాఫీ కిటికీలో ఉంటుంది. రోజూ పెడుతున్నాను. మొన్న పెట్టింది నా చెయ్యి. ఇప్పుడు నేనే పెడుతున్నాను.

ఇట్లు,
మీ అమ్మగారు చెప్పగా తెలిసిన మీ భార్య,
దలెండా