ఒక్క కాగితంలో పట్టని పేరు

మహిళా సంఘం ఆఫీసులో ముప్ఫై ఏళ్లు టైపిస్టుగా పనిచేసిన నేను, ఎనభై మూడో ఏట, మోకాళ్లు పోయినా మతి పోలేదని రూఢి చేసుకుని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా వేళ్లతో నేనే కొట్టుకుంటున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అన్నయ్య కూతురిది.

1. నేనుంటున్న రెండు గదులూ, వంటసామానూ అన్నయ్య కూతురికే చెందాలి. నా సోది ఓపిగ్గా విన్నది అదొక్కతే.

2. గోడ గడియారం నా తమ్ముడికి. పరాయి పాలన పోవాలని మేం వీధుల్లో తిరుగుతుంటే, ఆడవాళ్లకెందుకీ గోలని నన్ను గదిలో పెట్టి గడియ వేసినవాడు, స్వాతంత్ర్యం వచ్చిన మర్నాడు జెండా పట్టుకుని ఫొటోలో ముందు వరసలో నిలబడ్డాడు. ఇకనైనా వేళకు రావడం నేర్చుకుంటాడు.

3. నీలం శాలువా నాది కాదు, పొరుగుదేశపు దుబాసీది. ఆసియా దేశాల ఆడవాళ్లు కూడిన మహాసభలో ఎనిమిది రోజులు ఒకరి మాట ఒకరికి చేరవేసింది ఆ పిల్లే. నేను చలికి వణుకుతుంటే కప్పి, రేపు ఇద్దువుగాని అక్కా అంది. శాలువాను నాతోపాటే పంపించండి.

4. ట్రంకు పెట్టెలో మహాసభ ప్రతినిధుల జాబితా, కార్బన్ కాపీ ఉంది. జాబితా ఒక్క కాగితంలో పట్టాలని అధ్యక్షురాలు చెప్పింది. టైపిస్టులూ దుబాసీలూ తమ పేర్లు వేసుకోకపోవడం మా ఆనవాయితీ. నా పేరు వదిలేశాను, ఆ చేత్తోనే శాలువా కప్పిన పిల్ల పేరూ వదిలేశాను. అప్పటికి తన దేశం ఇంకా పరాయి పాలనలోనే ఉంది. తిరిగి వెళ్లగానే తననీ, తనతో వచ్చిన ముగ్గురు ప్రతినిధులనీ అక్కడి పోలీసులు రేవులోనే పట్టుకున్నారు. వీళ్లు మా సభకొచ్చిన అతిథులని జాబితా చూపించి మా ప్రభుత్వం ఉత్తరం రాస్తే ఆ ముగ్గురినీ వదిలారు. తన కోసం నేను ఏడు వారాలు విదేశాంగ శాఖ గడప అరగదీశాను. అధికారి చెడ్డవాడు కాదు. నేను కొట్టిన కాగితాన్నే నావైపు తిప్పాడు.

"ఇందులో ఆవిడ పేరు లేదు కదమ్మా."

రెండో ఏడు ఆ పిల్ల జైల్లోనే జ్వరంతో పోయింది. నేనే చంపానని ఎవరూ అనలేదు, నేనే అంటున్నాను. నిరుడు ఆ కాపీ తీసి చూస్తే అడుగున నాలుగు వరసల చోటుంది. అంచు అందంగా ఉండాలని వదిలానట.

అందులో ఇప్పుడేమీ రాయొద్దు. ఉన్నదున్నట్టు గ్రంథాలయానికి ఇచ్చేయండి. దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదని తెలుసు.

నవంబరు నాలుగు, ఆదివారం.

సంతకం: టైపిస్టు

సాక్షులు:
పక్కింటి దర్జీ
మేడమీది నర్సు
మంచినీళ్లు తెచ్చిన పనమ్మాయి. చట్టానికి ఇద్దరు చాలు. కానీ ఈమె కూడా గదిలో ఉంది.