పస లేని చెంపదెబ్బ

మంగళవారం రాత్రి

పస లేదట! ఒకరి చెంపలొకరు వాయించుకునే ఆ ముగ్గురు ఇంగ్లీషు హాస్యగాళ్లు ముసలయ్యాక వాళ్ల మీద వచ్చిన, రోజూ రాత్రి మా ఇంట్లో మేమిద్దరం చూసే పాత కార్టూన్‌లో చెంపదెబ్బలకు పస లేదట. గాజువాక టీకొట్లో అప్పలరాజు బావ తీర్పు ఇది.

"అయితే నువ్వు కొట్టి సూపించు బావా!" అన్నాను.

కార్టూన్‌లోలా అతను కొట్టబోగానే నేను వంగి తప్పించుకోవాలి. నడుం పట్టేసి వంగలేకపోయాను. రేవులో మోకులు లాగే చెయ్యి అది. పెదవి చిట్లి, పన్ను ఊడి టీ గ్లాసులో పడింది. రక్తం చూసి నాకూ పిచ్చెక్కింది. బెంచీ ఎత్తి అతని భుజమ్మీద బాదాను. కార్టూన్‌లో అయితే తల చుట్టూ చుక్కలు తిరుగుతాయి. మా చుట్టూ ఈగలు తిరిగాయి.

"ఇంక నీ గుమ్మం తొక్కితే ఒట్టు!" అని వెళ్లిపోయాడు.

పన్ను పోతే పోయింది. బావ రాకపోతే ఇకనుంచి ఆ కార్టూన్ ఎవరితో...

ఇది రాస్తుండగానే గేటు దగ్గర అతని కేక. "బావా! సెయ్యి లెగట్నేదు, గొళ్లెం నువ్వే తియ్. నాను నేకుండా కార్టూన్ ఎట్టీసినావేటి?"

ఇంకా పెట్టలేదు. ముందు ఆ భుజానికి ఏదైనా మందు రాయాలి.