పిల్లాడికి నేను పోసిన నీలం

మార్చి 3
ఎగ్జిబిషన్‌కి మా ఫొటోగ్రఫీ క్లబ్బు వాళ్ల ఫొటోలన్నీ వచ్చాయి. మా దగ్గర ఒక పద్ధతుంది: నా మానిటర్ దాటకుండా ఏ ఫొటో గోడెక్కదు. అందరిదీ ఒకటే జబ్బు, పసుపు నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. కొత్త సెన్సర్లకి నీలం అంటే ఏంటో తెలియదు. పాతకాలపు సీసీడీ సెన్సర్ ఉన్న నా కెమెరాకి తెలుసు. దాని తయారీ ఆపేసి ఏళ్లయింది, బ్యాటరీ దొరకదు, వెలుతురు చాలక ఐఎస్ఓ నాలుగొందలు దాటిస్తే బొమ్మంతా ఇసుక. అయినా దాని ఆకాశం ముందు మిగతావన్నీ దిగదుడుపే. ఈసారి కూడా ఒక్కొక్కరి ఫొటోలో నీలం నేనే పోశాను.

మార్చి 4
వదిన, అంటే మా ఆవిడ అక్క, మొదటిసారి ఫొటో ఇచ్చింది. కూతురి బిడ్డ. పుట్టిన గంటకు తీసింది. కిటికీ వెలుగు, ఫోకస్ కచ్చితం, చెయ్యి వణకలేదు. నా నోట మెచ్చుకోలు రావడం అరుదు, వచ్చింది. రంగు మాత్రం దారుణం. సరిచేసి, ఆమె మెమరీ కార్డులోనే పాతదాని మీద సేవ్ చేశాను. పాడైన ఫైల్ దాచుకోవడం నాకు గిట్టదు.

మా ఆవిడ తొంగిచూసి, బిడ్డకి ఊపిరాడటం లేదా అని అడిగింది. ఆవిడకి వైట్ బ్యాలెన్స్ గురించి, తెలుపు తెలుపులా కనపడేలా రంగులు సరిచేయడం గురించి చెప్పి లాభం లేదు.

మార్చి 9
ప్రారంభమైంది. జనం బాగానే వచ్చారు. బిడ్డ ఫొటో ముందు ఒకాయన ఆగి, పాపం బతికాడా అని వదిననే అడిగాడు. పక్కనే పిల్లాడి తల్లి ఉంది, ఏడ్చేసింది. వదిన ఫ్రేమ్ దింపి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. విమర్శ తట్టుకోలేనివాళ్లు ఇలాంటి చోటికి రాకూడదన్నాను. మా ఆవిడ నన్ను అక్కడే వదిలి అక్క వెనకే వెళ్లింది.

మార్చి 11
ఒరిజినల్ ఉందా, అదొక్కటే తీశాను అని వదిన కబురు పెట్టింది. లేదని చెప్పించాను.

మార్చి 14
ఎదురొచ్చే కార్ల లైట్లు చెదిరిపోతున్నాయని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఏళ్లుగా ముదురుతున్నాయట. ముందు కుడి కంటికి, తర్వాత ఎడమదానికి ఆపరేషన్ చేస్తారట. కంట్లో లెన్స్ పసుపెక్కితే నీలం సగం లోపలికే రాదు, మనిషి తెలియకుండానే అలవాటు పడిపోతాడు అన్నారు.

మార్చి 21, ఉదయం 9
నిన్న ఆపరేషన్ చేసిన కుడి కంటికి కట్టు విప్పారు. మా ఆవిడ ఊదా రంగు శాలువా కప్పుకుంది. కొత్తదా అన్నాను. పెళ్లయిన ఏడాది నేనే కొన్నానట, ఇన్నాళ్లూ బూడిద రంగనుకున్నది ఇదే.

మార్చి 22
ఎగ్జిబిషన్ చివరి రోజు. వెళ్లాను. గోడలన్నీ సిరా ఒలికినట్టున్నాయి. ఫొటోల్లో నవ్వుతున్న మనుషులు చలికి బిగుసుకుపోయి ఉన్నారు. కుడి కన్ను మూస్తే అద్భుతం. ఎడమ కన్ను మూస్తే సిగ్గు. కళ్లు మార్చి మార్చి మూస్తుంటే వాచ్‌మన్ నన్ను అదోలా చూశాడు. ఇన్నేళ్లలో క్లబ్బులో ఒక్కరూ నోరెత్తలేదు. నేనే ఎత్తనివ్వలేదు. ఏడుపొచ్చింది. ఆపరేషన్ కంటికి తడి తగలకూడదన్నారని ఆపుకున్నాను.

మార్చి 25
ల్యాప్‌టాప్ పట్టుకుని వదిన ఇంటికి వెళ్లాను. కాఫీ తాగుతారా అని కూడా అడగలేదు. తప్పు సెన్సర్‌ది కాదు, నా కంటిది అని చెప్పాను. కంటి సంగతి డాక్టర్ చూసుకుంటారు, మరి నోటి సంగతేంటి అంది. నేను నీలం పోసిన ఫైలే తెరిచాను. కుడి కన్ను బాగానే ఉంది, కానీ ఆ గంటలో వాడెలా ఉన్నాడో నేను చూడలేదు. ఆమె చూసింది. స్లైడర్ నా చేతిలో, మాట ఆమెది. ఇంకొంచెం, వెనక్కి, ఇంకాస్త. ఒకరు చెప్తే రంగు మార్చడం నాకిదే మొదలు.

"ఆపండి, మరిదిగారూ. వీడే."

పూర్తిగా రాలేదు. దుప్పటి మడతల్లో కొంత నీలం అలాగే ఉండిపోయింది. ఆమె అక్కడ వేలు పెట్టి చూసి, సేవ్ చేయమంది.

ఏప్రిల్ 2
డాక్టర్ ఎడమ కంటికి తేదీ ఇస్తానన్నారు. కొన్నాళ్లు ఆగుదామన్నాను. కారణం చెప్పలేదు. నా పాత కెమెరా ఆకాశాలు ఇప్పుడు ఆ ఒక్క కంటికే అందంగా ఉన్నాయి.

ఏప్రిల్ 6
వదిన బిడ్డని తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. ఎడమ కన్ను మూసుకుని చూశాను. ఎర్రగా ఉన్నాడు.