తావిని ఆపిన మనిషి

బాపుకు,

నీ పెద్దబిడ్డ సరిత దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను ఆరోగ్యంగా ఉన్నాను. నువ్వూ అవ్వా తమ్ముడు రాకేశూ బాగున్నారని నీ ఉత్తరం చదివి నిమ్మళపడ్డాను. నువ్వు కాగితం మీద రాస్తే తమ్ముడు ఫోటో తీసి పంపుతున్నాడు కదా, నేనూ అట్లాగే పంపుతున్నాను. ఫోన్ చేస్తే పక్కనే అవ్వ ఉంటుంది. కొన్ని సంగతులు నోటితో చెప్పలేను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. స్పెయిన్‌లో చలి మొదలైంది కానీ స్వెట్టర్ ఉంది, బెంగపడకు. మా టీమ్ తరఫున బండి నడిపే తావి చెయ్యి బాగయితే కొండగట్టుకు వస్తానని అవ్వ ముడుపు కట్టిందని రాశావు. వెళ్లి చెల్లించి రమ్మను. కప్పు రాకపోయినా చెయ్యి బాగయింది.

రెండు ఉత్తరాల నుంచి నువ్వు అడుగుతున్న ఇంకో మాట ఉంది. "గెలిచే పిలగాన్ని ఇండోనేషియాల ఎవలు ఆపిండ్రు బిడ్డా? ఆళ్లకు కనికరం లేదా?" అని. కల్లు మండువ కాడికి వచ్చేవాళ్లంతా ఆపినవాళ్లను తిడుతున్నారని కూడా రాశావు. దానికి జవాబు చెప్పాలంటే ఈ ఏడాది సంగతంతా చెప్పాలి.

మా మోటో టూ బైకుల పోటీకి నువ్వు 'నడిపి పందెం' అని పేరు పెట్టావు. పెద్ద బండ్లకూ చిన్న బండ్లకూ నడుమది కాబట్టి. ఆ పేరు చెబితే తావి నవ్వి, తానూ అట్లాగే అనడం నేర్చుకున్నాడు. నడిపి పందెంలో అందరికీ ఒకటే ఇంజను. మలుపు దగ్గర ఎవడు ఎంత ఆలస్యంగా బ్రేకు పట్టి నిలదొక్కుకుంటాడో వాడే ముందుకు పోతాడు. ఆ బ్రేకు కుడిచేతి వేళ్ల కింద ఉంటుంది. ఇక్కడ గెలిచినవాణ్ని పెద్ద బండ్లవాళ్లు పిలుచుకుంటారు. ఏళ్లు గడిచినా పిలుపు రానివాడు ఇంటిదారి పడతాడు. ఎస్టోనియా అనే చలిదేశం నుంచి వచ్చిన తావికి ఇది ఐదో ఏడు.

మొదటి పందెం థాయిలాండ్‌లో జరిగింది. పదో స్థానంలో వచ్చాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఖతార్‌లో మూడోవాడయ్యాడు. ఫ్రాన్స్‌లో వానలో గెలిచాడు, తర్వాత నెదర్లాండ్స్‌లో గెలిచాడు. ఎండాకాలం సెలవులు వచ్చేసరికి పాయింట్లలో అందరికంటే పైన ఉన్నాడు. ప్రతి పందేనికి ముందు నా దగ్గరికి వచ్చి బల్ల మీద కూర్చుని చేతులు చాపేవాడు. బ్రేకు పట్టి పట్టి ఈ పిల్లల ముంజేతులు రాళ్లలా బిగుసుకుపోతాయి. నేను మర్దన చేసి పట్టీలు వేస్తుంటే మన ఊరి సంగతులు అడిగేవాడు. "మీ బాపు కల్లు గీసెతందుకు తాడిచెట్టెక్కినప్పుడు ఆయన చేతులు గిట్లనే గుంజేవా?" అనేవాడు. అతను మాట్లాడేది ఇంగ్లీషే. నీకు మన మాటలోనే రాస్తున్నాను.

జపాన్ పందెంలో వెనక చక్రం జారి, బండి అతన్ని గాల్లోకి విసిరేసింది. లేచి నిలబడ్డాడు కానీ కుడిచెయ్యి గుండెకు అదుముకున్నాడు. మణికట్టులో చిన్న ఎముక విరిగింది. మర్నాడే ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు. వారం తిరిగేసరికి ఇండోనేషియా పందెం. రెండో స్థానంలో ఉన్నవాడు వెనకాలే తరుముకొస్తున్నాడు.

దెబ్బ తగిలినవాళ్లను పందెం డాక్టరు చూసి, సరేనంటేనే బండి ఎక్కనిస్తారు. ఆ పొద్దున తావి బయటి డాక్టరుతో నొప్పి తెలియని సూది వేయించుకున్నాడు. సూదికి ముందు, సిరిసిల్ల చిన్నమ్మ నాకిచ్చిన తువ్వాల తడిపి, పిండమని చేతికిచ్చాను. చుక్క రాలలేదు.

"నొప్పి తెల్వకుంటే చెయ్యి బాగైనట్టు కాదు తావీ. మా బాపు గిట్లనే..." అని మొదలుపెట్టాను.

"నేను మీ బాపును కాదు," అన్నాడు. నా ముఖం చూడలేదు.

అప్పుడు నువ్వు పడ్డ రోజు గుర్తొచ్చింది. మణికట్టు బెణికింది, అయినా కల్లు గీత ఆగితే గెల ఎండిపోతదని నొప్పిగోలీ మింగి తాడెక్కావు. చేతిలో పట్టు లేదని ఆ గోలీ నీకు తెలియనివ్వలేదు. నడుముకున్న మోకు జారింది. జగిత్యాల దవాఖానకు ఆటోలో పోతుంటే నీ తల నా ఒళ్లోనే ఉంది. వద్దు అనే మనిషి ఒక్కరు కూడా ఆ పొద్దు నీ పక్కన లేకపోయారు.

పందెం డాక్టరు పుషప్‌లు తీయమన్నాడు. తావి నవ్వుతూ తీశాడు. డాక్టరు సరే అనబోతూ నా వైపు తిరిగి, "నువ్వేమన్న చెప్పేదున్నదా?" అన్నాడు. లేదని తల ఊపితే సరిపోయేది.

"పొద్దున సూది ఏసుకున్నడు సార్. సూది లేకుంటే తువ్వాల పిండలేడు," అన్నాను.

ఆపింది నేనే బాపూ. మండువ కాడ మీరంతా తిట్టిన మనిషి నేనే.

మా మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "నువ్వు ఎవల మనిషివి?" అని అడిగాడు. తావి హెల్మెట్ కింద పెట్టి వెళ్లిపోయాడు. ఇండోనేషియా పందెం పోయింది, ఆ తర్వాత ఆస్ట్రేలియా పందెం పోయింది. మలేషియాలో తిరిగి బండెక్కాడు కానీ, పట్టీ వేయించుకోవడానికి పక్క టీమ్ మనిషి దగ్గరికి పోయాడు. పోర్చుగల్‌లో ఆ రెండో స్థానంవాడు గెలిచి, ఏడాది కప్పు ఖాయం చేసుకుని, జెండా కప్పుకుని ట్రాకంతా తిరిగాడు. తావి మా షెడ్డు వెనక టైర్ల మీద కూర్చుని ఆ చప్పట్లు విన్నాడు. నేను దగ్గరికి పోలేదు. నా ఒక్క మాట ఆ పిల్లవాడి ఐదేళ్లను మింగిందని అనిపించింది. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవడం లేదు. అయినా ఆ రోజు అన్నం సహించలేదు.

వచ్చే ఏడు ఈ టీమ్‌లో నాకు పని లేదన్నారు. అవ్వకు నేనే వచ్చి చెప్తాను, అందాక నీ దగ్గరే ఉంచు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. మండువ వాళ్లకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం.

నిన్న ఇక్కడ వాలెన్సియాలో ఆఖరి పందెం. పొద్దున తావి వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు.

"మీ బాపు మళ్ల చెట్టెక్కిండా?" అన్నాడు.

"ఎక్కలే. చెయ్యి భుజం దాటి లేవది. ఇప్పుడు కింద కూసోని కల్లు పోస్తడు."

తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నీ మీద కోపం ఇంక పోలే సరితా. పోతదో పోదో కూడ తెల్వది."

"ఉండనీ," అన్నాను.

అప్పుడు కుడిచెయ్యి చాపాడు. "నువ్వే కట్టు. ఆ పక్క టీమాయన బిర్రుగ కడుతుండు, వేళ్లు మొద్దువడుతున్నయి."

కట్టాను. పందెంలో మూడోవాడిగా వచ్చాడు. అందరూ ఫోటోలు తీసుకున్నాక మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. కత్తెరతో పట్టీ కోశాను. చెమటకు తోలు తెల్లగా నాని ఉంది, వాపు లేదు. వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరిచాడు.

"ఆకలైతున్నది, తినెతందుకు ఏమన్న ఉన్నదా?" అన్నాడు.

రొట్టెలున్నాయి. షెడ్డు ముందు మెట్ల మీద కూర్చుని ఇద్దరం తిన్నాం. బండ్లను లారీల్లోకి ఎక్కిస్తుంటే చూస్తూ కూర్చున్నాం.

ఇట్లు,
నీ బిడ్డ
సరిత